మిరప నారు మీద కప్పిన దోమతెర

మా పాలెంలో ఆశా వర్కరుగా పనిచేసినామె ప్రభుత్వం ఇచ్చిన దోమతెరను అమ్ముకుందనీ, అందుకే నా భార్య కడుపులో బిడ్డ పోయిందనీ ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. అది అబద్ధం. పుట్టించింది నేను. ఆమె చెయ్యి విరగ్గొట్టిందీ నేనే.

నల్ల తామరపురుగు మా మిరప తోటల్ని ఊడ్చేసిన మరుసటి ఏడు జరిగిందిది. హైవే పనికి మట్టి తవ్విన గుంటలు వానలకు నిండాయి. అక్కడి షెడ్లలో ఉన్న కూలీల్లో ఇద్దరికి మలేరియా తేలింది. నా భార్యకు అయిదో నెల, మా పాపకు మూడేళ్ళు. ఆశా వర్కరు గర్భిణులూ చంటిపిల్లలూ ఉన్న ఇళ్ళకు మందు కలిపిన దోమతెరలు తెచ్చింది. మా ఇంట్లో తనే మంచమెక్కి మేకులు కొట్టి కట్టింది.

"వదినా, నువ్వూ పాపా పొద్దుగూకే సరికి ఇందులో ఉండాలి. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే కబురు పెట్టు, వేలి మీద చుక్క రక్తం తీసి చూస్తా. అన్నయ్యా, నువ్వు బయటే పడుకో. పాపం, దోమలకీ తిండి కావాలిగా" అంది. నా భార్య పగలబడి నవ్వింది.

వారం తిరక్కుండా ఆ తెర పీకి పొలానికి తీసుకుపోయాను. ముందటేడు ముడుచుకుపోయిన మూడెకరాల తోటను నేనే ట్రాక్టరు పెట్టి తొక్కించాను. ఆ కసి ఒంట్లోంచి పోలేదు. మా వైపు మిరప నారుమళ్ళ మీద వల కప్పడం మామూలే. దోమను చంపే మందు పురుగును చంపదా అనుకున్నాను. నిజానికి ఆ తెర కన్నాల్లోంచి తామరపురుగులు గుంపుగా దూరిపోతాయి. ఆ మాత్రం కూడా ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం నా భార్య పాపను చంకనేసుకుని వచ్చింది.

"బిడ్డలకిచ్చింది తెచ్చి నారుకు కప్పుతావా? నీకు నారే బిడ్డలా?" అంటూ తెర కొస పట్టి లాగింది. నారు కొంత ఊడి వచ్చింది. గట్టు మీద ఎండిన పత్తికట్టె ఒకటి తీసుకుని ఆమెను కొట్టాను. వీపు మీద, పిక్కల మీద. ఆమె పాపను వదిలేసి, కడుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది. తిరగబడలేదు, పారిపోలేదు. కట్టె విరిగాక కాలితో తన్నాను. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అలసిపోయి ఆపాను గాని జాలి కలిగి కాదు.

ముందు జ్వరం పాపకొచ్చింది. నేను పొలంలో ఉండగా నా భార్య దాన్ని ఆశా వర్కరు ఇంటికి తీసుకుపోయి పరీక్ష చేయించింది. మలేరియా. మాత్రలు వేశారు, తేరుకుంది. తర్వాత నా భార్యకు వణుకు పట్టింది. ఆశా వర్కరు మా ఇంటికే వచ్చింది.

"తెరేది అన్నయ్యా?"

"ఉతికాం."

"సరే. వదినా, వేలు ఇటివ్వు."

కాసేపు కూర్చుంటే తెర సంగతి బయటపడుతుందని నా భయం. "కడుపుతో ఉన్నదాని రక్తం తీస్తావటే? పో బయటికి" అని ఆమె చేతిలో సంచీ విసిరికొట్టాను. రక్తం చుక్క పట్టే గాజు పలకలు గడపలో పగిలాయి. మెడ పట్టి గెంటాను. ఊరి డాక్టరు చేత మూడు రోజులు సూదిమందు వేయించాను. నాలుగో రోజు నా భార్యకు ఫిట్సు వచ్చాయి.

పెద్దాసుపత్రిలో బిడ్డ చనిపోయి పుట్టాడు. నా రెండు అరచేతుల్లో పట్టాడు. మలేరియా కడుపులోని మాయలో చేరి బిడ్డకు అందాల్సింది అందకుండా చేసిందనీ, తల్లి ఒంట్లో రక్తం కూడా బాగా తగ్గిపోయిందనీ, మొదటి రోజే పరీక్ష చేసుంటే మందు ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. "మీ పాలెంలో దోమతెరలిచ్చారుగా?" అని అడిగింది. చుట్టూ మావాళ్ళున్నారు.

"మాకివ్వలేదండీ. ఆశా అమ్ముకుంది" అన్నాను.

అప్పుడే ఆశా వర్కరు రొట్టె పొట్లం పట్టుకుని వరండాలోకి వచ్చింది. జుట్టు పట్టుకుని గోడకేసి తల కొట్టాను. కింద పడితే మణికట్టు మీద చెప్పుకాలితో తొక్కాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మావాళ్ళు నలుగురు ఆపకపోగా వాళ్ళూ తన్నారు. "నేనే కట్టానయ్యా, వదిననడగండి!" అని ఆమె అరుస్తూనే ఉంది. వదినకు స్పృహ లేదు. స్పృహ వచ్చాక, నోరు విప్పితే చంపుతానన్నాను.

పెద్దలు కూర్చుని కేసు లేకుండా చేశారు. ఆమె పని మానేసింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. మిరప కోతలో ఇప్పుడామె ఒక్క చేత్తోనే కోస్తుంది.

నాలుగేళ్ళయింది. ఈ వానల్లో పాపకు మళ్ళీ జ్వరమొచ్చింది. నా భార్య నన్నడక్కుండా ఆమె ఇంటికే తీసుకుపోయింది. ఆమె పాప నుదురు తాకి చూసి, కూలి మానుకుని, పాపను ఆసుపత్రికి తనే నడిపించుకుపోయింది. సాయంత్రం నేను ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి, "తప్పు నాది చెల్లెమ్మా" అన్నాను.

"అది నాకు చెప్పేదేముంది? తెలియాల్సింది పాలెంలో వాళ్ళకి" అంది.

ఆదివారం చర్చి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి అంతా చెప్పాను. ఆ రోజు తన్నిన నలుగురిలో ఒకడు వచ్చి నా చెంప పగలగొట్టాడు. నన్ను క్షమించమని పాస్టరు గారు ఆమెను అడిగారు.

"అబద్ధం ఇల్లిల్లూ తిరిగిందండీ. ఈ నిజాన్ని కూడా తిప్పమనండి. క్షమాపణ సంగతి తర్వాత చూద్దాం" అంది.

అందుకని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఊరు విడిచినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా భార్య నా వెనకే వస్తోంది. నిన్న ఒకరింట్లో పొలంలో కొట్టిన సంగతి వచ్చినప్పుడు, "కోపంలో ఒక దెబ్బ వేశాను" అన్నాను. నా భార్య ముందుకొచ్చి, ఆ ఇంటామె ఎదుట వెనక్కి తిరిగి, పైట తీసి వీపు మీది మచ్చలు చూపించింది.

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.