సున్నం తగలని చోటు

మా పెదనాయన పోయాడన్న కబురు చిత్తూరులో ఉన్న నాకు మధ్యాహ్నం బస్సులో వచ్చింది. మా ఊరి మనిషి ఒకాయన వాకిట్లోనే నిలబడి, "మీ పెదనాయన తెల్లారుజామున పోయినాడమ్మా. బిడ్డనెత్తుకోని రమ్మన్నాడు మీ నాయన" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "అమ్మ యాడుండాది?" అని అడిగాను. "నీళ్ళు కాస్తా ఉండాది" అన్నాడాయన. బిడ్డను చంకనేసుకుని బస్సెక్కాను. వడమాలపేటలో దిగేదాకా నా మనసులో ఒకటే మాట తిరిగింది. పెదనాయన మీద నేను గెలిచి ఇంకా నెల కూడా కాలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఉన్నంతవరకు. కానీ చెడ్డ దాచిపెట్టి మంచి మాత్రమే రాస్తే అది మా పెదనాయన కాదు, ఇంకెవరో అవుతాడు. ఆయనకే అది నచ్చదు.

ఆయన మా నాయనకు అన్న. భూములు కొలిచే ఉద్యోగం. సత్యవేడు మొదలుకుని కాణిపాకం దాకా గొలుసు పట్టుకుని తిరగని పొలం లేదు. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లల్లేరు. నాకు పదేళ్ళు దాటినప్పుడు ఉద్యోగం చాలించి, ఒక ట్రంకుపెట్టె, ఒక చేతికర్రతో మా ఇంటికి వచ్చేశాడు. వాటితోపాటు ఒక నియమం కూడా తెచ్చాడు.

ఉగాది రోజు పచ్చడి తిన్నాక ఇంట్లో ప్రతి మనిషీ రెండు పనులు చెప్పాలి. ఏడాదిలో ఇంటికోసం చేసే పని ఒకటి, తన ఇష్టం కొద్దీ చేసుకునేది ఒకటి. ఆయన వాటిని బొగ్గుతో నడిమింటి గోడ మీద రాసేవాడు. వాకిలి తీయగానే కనబడే గోడ అది. మళ్ళీ ఉగాదికి ముందురోజు, ఇంటికి సున్నం కొట్టేముందు, అందరినీ ఆ గోడ ముందు నిలబెట్టేవాడు. చేతికర్ర మొనతో ఒక్కో మాటా తాకుతూ గట్టిగా చదివి, "అయిందా, కాలేదా?" అని అడిగేవాడు. అయిన పని మీద సున్నం పడేది. కాని పని మీద పడేది కాదు. కుంచె దాని చుట్టూ తిరిగి వెళ్ళాలి. తెల్లటి గోడ మీద మాసిన చోటుగా ఆ వాక్యం ఇంకో ఏడాది ఉండిపోయేది. ఆ ఏడాదీ కాకపోతే ఇంకో ఏడాది. ప్రతిసారీ పాతవాటితో సహా మొత్తం చదివేవాడు.

"సగం అయిందన్నా" అని మా నాయన ఒకసారి నసిగాడు.

"సగమయితే కాలేదనేరా. మూడో మాట లేదు" అన్నాడు పెదనాయన.

మా నాయన పని ఏమిటంటే, వంటింట్లో పొగ పోవడానికి గోడకు గవాక్షి తీయించడం. మొదటి ఏడాది చెప్పిన పని. ఆ గవాక్షి నడిమింటి గోడ మీద తప్ప వంటింటి గోడలో ఇప్పటికీ లేదు. నాయన మంచివాడు, పెద్దగా చెప్పడానికి ఇంకేమీ లేదు.

నేను పూసల తోరణం అల్లుతానన్నాను. గుమ్మానికి కట్టేది, రెండు చిలకలు, మధ్యలో తామరపువ్వు. మూడు వంతులు అల్లాను. అంతలో ప్రపంచయుద్ధం వల్ల అంగళ్ళకు గాజుపూసలు రావడం ఆగిపోయింది. తిరుపతిలో అడిగించినా దొరకలేదు. రెండో చిలకకు తోక లేదు. ఉగాది ముందురోజు ఆ మాటే చెప్పాను.

"ఓహో. దేశదేశాలోళ్ళు యుద్ధానికి దిగింది నీ చిలక తోక ఆపేదానికా?" అన్నాడు. ఇంటికి వచ్చిన చుట్టాలందరూ నవ్వారు. నేను పెరట్లోకి పరిగెత్తి, ఆ తోరణాన్ని తెంపి, పూసలన్నీ బావిగట్టు మీద పారబోశాను. మర్నాడు పొద్దున చూస్తే ఆయన ఆ పూసల్ని ఏరి, రంగుకు రంగు వేరుచేసి, నాలుగు చిప్పల్లో పెట్టి నా పలక పక్కన ఉంచాడు. నేను అది కూడా క్షమించలేదు.

ఆ తోరణం మళ్ళీ మొదలుపెట్టి, అంగళ్ళకు పూసలు వచ్చాక, రెండేళ్ళకు పూర్తిచేశాను. అయ్యాక మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూశాను. కుంచె నా చేతికిచ్చి, "పూసెయ్" అన్నాడు, అంతే. నేను మొదలుపెట్టిన పని వదిలిపెట్టనని మా అత్తగారింట్లో ఈరోజు చెప్పుకుంటారు. ఆ పేరు ఆయన పెట్టిన భిక్షే. ఆడపిల్లకు ఎనిమిదో తరగతి దాకా చదువెందుకని నాయన వెనకాడితే, నా సంచి తానే మోస్తూ బడిదాకా వచ్చింది కూడా ఆయనే. ఇవి నేను కాదనను.

మా అమ్మ సంగతి వేరు.

మొదటి ఉగాది రోజు, తన వంతు వచ్చినప్పుడు, అమ్మ వంటింటి తలుపు వెనకనుంచి, "నాకు సదువు నేర్చుకోవాలని ఉండాది బావా" అంది. అందరం ఆశ్చర్యపోయాం. పెదనాయన ముఖం వెలిగిపోయింది. ఆ వాక్యాన్ని అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాశాడు. మర్నాటినుంచి తానే పలక పట్టాడు. నాలుగు రోజులు చక్కగా సాగింది. అయిదోరోజు అమ్మ 'అ' తిరగేసి రాసింది. ఆయన ఆ పలక ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళి, పాలుపోసే ఆయన్ను పిలిచి, "సూడప్పా, మా మరదలు అద్దంలో సూసి రాసినట్టుండాది" అని చూపించాడు. పాలాయన నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు.

అమ్మ ఆ పలక మళ్ళీ ముట్టలేదు. ఏడాది తిరిగాక గోడ ముందు "కాలేదు" అంది.

"నేర్పేవాడు ఉండాడు, పలక ఉండాది. నేర్చుకునేదానివి నువ్వే లేవు" అన్నాడు ఆయన.

మా ఇంట్లో సున్నం కొట్టేది అమ్మే. ప్రతి ఉగాదికీ కొంగు బిగించి, టెంకాయపీచు కుంచె పట్టుకుని, తన వాక్యం చుట్టూ తానే జాగ్రత్తగా సున్నం పూసేది. తొమ్మిదేళ్ళు అలా పూసింది. మధ్యలో ఒక ఏడు నన్ను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చినప్పుడు ఆ మాసిన చోటు చూసి, ఇదేమిటని మా మామగారు అడిగారు. పెదనాయన కర్ర తీసుకుని లేచి ఆ వాక్యం చదివాడు. "మా తమ్ముని పెండ్లాం సదువు నేర్చుకుంటానని సెప్పి ఎగ్గొట్టింది. పాప అట్లా కాదు, పట్టింది వదలదు" అని విప్పి చెప్పాడు. నా గొప్ప చెప్పడానికే చెప్పాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం వంటింట్లో కాఫీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఆగిపోవడం ఒక్కటే నాకు వినిపించింది. ఆరోజే అనుకున్నాను, ఈయన్ను ఈ గోడ ముందు ఎప్పుడో ఒకసారి నిలబెడతానని.

కానీ ఆయన పనులన్నీ ఎప్పుడూ అయ్యేవి. పొట్లపందిరి వేస్తానంటే వేసేవాడు. తలుపుల కీళ్ళన్నీ మార్చుతానంటే మార్చేవాడు. ముసలితనంలో చెక్కబొమ్మలు చెక్కే సరదా పట్టుకుంది. తిరుపతిలో కొండకింద అమ్మే ఎర్రచందనం బొమ్మల్ని తెచ్చుకుని, వాటిని తిరగేసి మరగేసి చూసి, అంతకన్నా బాగా చెక్కేవాడు. నాకు కూతురు పుట్టాక వచ్చిన ఉగాదికి ఆయన ఇష్టం కొద్దీ చెప్పిన పని, "మనవరాలికి బొమ్మల జత." గోడ మీద రాసుకున్నాడు.

మగబొమ్మ వానాకాలానికే అయిపోయింది. దీపావళి వెళ్ళాక ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. ఆడబొమ్మకు కొప్పు, చీర కుచ్చిళ్ళు అప్పటికే అయ్యాయి, ముఖం మిగిలింది. ఎడంచేత్తో చెక్కబోతే ముక్కు ఉండాల్సిన చోటు ఎగిరిపోయింది.

ఈ ఉగాదికి ముందురోజు నేను బిడ్డతో పుట్టింట్లోనే ఉన్నాను. ఆయన నిలబడలేక మంచం మీద కూర్చుని, కర్ర నాకిచ్చి, "నువ్వు సదువు పాపా" అన్నాడు. చదివాను. నాయన గవాక్షి కాలేదు. అమ్మ చదువు కాలేదు. తరవాత ఆయనది వచ్చింది. కర్ర మొనతో ఒక్కో మాటా తాకాను. "మనవరాలికి బొమ్మల జత. అయిందా, కాలేదా?"

"ఒకటి అయింది" అన్నాడు.

"ఈడ రాసుండేది ఒకటనా, జతనా పెదనాయనా?"

"సెయ్యి బాలేదు కదే" అన్నాడు నాయన మెల్లగా.

"ఆ సెయ్యి పడిపోయింది బొమ్మ ముక్కు ఆపేదానికా?" అన్నాను.

ఆ మాట ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు. పెదనాయన నావైపు తిరిగాడు. కంట్లో నీళ్ళేమీ లేవు. "కాలేదు" అన్నాడు. తరవాత, "బాగా నేర్చుకున్న్యావు" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు రాయాలి? చాలా సంతోషం వేసింది. మర్నాడు ఓళిగలు రెండెక్కువే తిని, ఆ తరవాత రోజు చిత్తూరు బస్సెక్కాను. అమ్మ ఆయన వాక్యం చుట్టూ సున్నం పూసింది. ఆయన మంచం ఆ గోడకు ఎదురుగానే ఉంది. మిగిలిన రోజులన్నీ దాన్ని చూస్తూనే పడుకున్నాడు.

ఆయన్ను సాగనంపాక, మంచం ఎత్తేటప్పుడు దిండుకింద ఆడబొమ్మ, చిన్న ఉలి దొరికాయి. బొమ్మ ముఖం మీద గీతలే గీతలు. "నువ్వు పోయిన కాడినుంచి రోజూ సెక్కతానే ఉన్న్యాడు" అన్నాడు నాయన. "ఆ సేత్తో ఉలి పట్టుకోబాకన్నా అంటే ఇన్లేదు." పాడె మీద ఆయన ఎడంచేతి వేళ్ళకు గుడ్డపేలికలు ఎందుకు చుట్టారో నాకు అప్పుడు అర్థమైంది. అప్పుడు ఏడ్చాను. ఆయనకోసం ఎంత ఏడ్చానో, నా నోటిని తలుచుకుని అంతకు రెండింతలు ఏడ్చాను.

పెద్దదినం కర్మకు ముందు ఇంటికి సున్నం కొట్టాలి. కుంచె ముందుగా నేనే అందుకున్నాను. ఆయన వాక్యాన్ని నా చేత్తో మూసేసి, బొమ్మల జత అయిందని ఆయనకు చెప్పాలనుకున్నాను. కుంచె ఎత్తేసరికి వెనకనుంచి అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆడ పూయబాకు."

"పోనీలే అమ్మా. పోయినాడు కదా."

అమ్మ వేలు గోడ మీద పెట్టింది. ఒక్కో మాట కిందా వేలు జరుపుతూ, "మనవరాలికి. బొమ్మల. జత" అని చదివింది. "బొమ్మకు మొగం యాడుండాది? కాలేదు."

"నీకు సదవను వచ్చునా?" అన్నాను.

"నాలుగేండ్లాయ. ఆయన కర్ర పెట్టి సదివిందే సదివె, నేను సుట్టూ పూసిందే పూస్తి. యాడ ఏ మాట ఉండాదో నోటికి తెల్సు. ఇంగ రాకుండా ఏం జేస్తాది?"

"మరి ఏటేటా కాలేదని ఎందుకు సెప్తివి?"

"అయిందంటే పదిమంది ముందర నిలబెట్టి సదివిస్తాడు. సదివితే, సూడండప్పా, నా గోడే నేర్పించినాది అంటాడు."

"అది నిజమే కదమ్మా."

"నిజమే" అంది అమ్మ. "అందుకే సెప్పలేదు."

నాలుగేళ్ళు. ఆమె చదువుతుంటే ఒక్కసారి వినాలని ఆ ముసలాయన ఎంత ఆశపడ్డాడో ఆమెకు తెలుసు. ఆయన మంచం పట్టాక గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది, వేళ్ళకు పేలికలు చుట్టింది. ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేదు. గోడ ముందు నేను ఆయన్ను గెలిచాననుకున్నాను. అమ్మ అంతకు ఎప్పుడో గెలిచి, గెలిచినట్టు ఎవరికీ తెలియనివ్వలేదు.

నా చేతిలోనుంచి కుంచె తీసుకుని, అమ్మ ముందు తన వాక్యం మీద సున్నం పూసింది. తొమ్మిదేళ్ళ మసి ఒక పూతతో పోలేదు, రెండోది పూసింది. తరవాత ఆయన వాక్యం చుట్టూ, ఆయన గొలుసు పట్టి హద్దు గీసినంత సూటిగా కుంచె తిప్పింది. ఒక సున్నపు చుక్క జారి 'జత' మీదికి వస్తే, కొంగుతో అద్ది తీసేసింది.

సాయంత్రానికి గోడ ఆరింది. నా కూతురు ముఖంలేని బొమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొడుతోంది. అమ్మ దీపం వెలిగించి పట్టుకొస్తూ గోడ దగ్గర ఆగింది. దీపం కొంచెం పైకెత్తింది. ఆమె పెదవులు మెల్లగా కదలడం చూశాను. ఎవరూ అడగకుండానే, ఆ మూడు మాటలూ మళ్ళీ మొదటినుంచి చదువుకుంటోంది.