ఏటి పక్క కోర్టు

పోయిన ఆదివారం మా లంకలో కొత్త వాలీబాల్ కోర్టు ప్రారంభించారు. చుట్టూ ఎత్తుగా ఇనప జాలీ, పెద్ద లైట్లు, కూర్చోవడానికి మెట్లు. వంతెన మాత్రం ఇంకా రాలేదు. ఆ మెట్లకి వాడిన సిమెంటు బస్తాలన్నీ పడవెక్కి కృష్ణ దాటినవే.

మా రోజుల్లో కోర్టంటే చర్చి వెనక ఇసక నేల. ముగ్గుపిండితో గీతలు, రెండు సరుగుడు గుంజలు, వాటి మధ్య చిరిగిన చేపల వల. మూడు పక్కలా అరటితోటలు, నాలుగో పక్క కృష్ణ. ఊరందరికీ ఒకటే బంతి. అది ఏట్లో పడితే, బెజవాడ వెళ్ళినవాళ్ళెవరైనా కొత్తది తెచ్చేదాకా ఆట లేదు. అందుకే ఏ పుస్తకంలోనూ లేని రూలొకటి మా లంకలో ఉండేది: బంతిని ఏటిపాలు చేసినవాళ్ళు ఆ ఏడాదంతా ఔట్. దాంతో గట్టిగా కొట్టే విద్య మాకెవరికీ అబ్బలేదు. అందరిదీ ప్లేసింగే. నిద్రపోయిన పిల్లను మంచం మీద దించినట్టు బంతిని వల అవతల మెల్లిగా దించేవాళ్ళం. అందులో మా పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, ఆరితేరింది.

అక్కకి లంకలో ఊపిరాడేది కాదు. చీకటి పడితే పడవ లేదు, ఏరు పొంగితే బడి లేదు. బెజవాడ స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే చదువుకోవచ్చు. రాకపోతే లంకలోనే సంబంధం చూస్తానని పెదనాన్నగారు ముందే చెప్పేశారు. సెలక్షన్స్‌కి నేనూ తోడు వెళ్ళాను. మొదటి రెండు ప్లేసింగులకీ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అవతలి పిల్లలు నెట్ దగ్గరికి జరిగి కాచుకున్నారు.

"వెనకంతా ఖాళీయేనమ్మా, గట్టిగా కొట్టు," అన్నారు కోచ్ గారు. అక్క ఎగిరింది. చెయ్యి జోరుగా లేచి, బంతి దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోయింది. మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ అంతే.

"భయమా?"

"కాదండీ. ఏట్లో పడిపోద్దని," అని నాలిక్కరుచుకుంది.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆ వేసవిలోనే అక్క పెళ్ళయిపోయింది, చర్చికి నాలుగిళ్ళ అవతలికి.

మొన్న ఆదివారం కొత్త కోర్టులో అక్క మనవరాలు కొట్టిన షాట్‌కి జాలీ గణగణమంది. బంతి దొర్లుకుంటూ మా కాళ్ళ దగ్గరికొస్తే, "నువ్వూ ఒకటి కొట్టక్కా," అన్నాను.

అక్క బంతి తీసి, ఇసక దులిపి, మనవరాలికి అందించింది. "ఇప్పుడు గట్టిగా కొట్టి ఎక్కడికెళ్ళాలే," అంది.

కాలం మా లంకకి అన్నీ తెస్తూనే ఉంది. అడిగినవాళ్ళకి కాకుండా, వాళ్ళ మనవరాళ్ళ చేతికిచ్చి పోతోంది.