మీట పట్టిన చెయ్యి

ఐదో తరగతిలో బడి మానేశాక నాకు వచ్చిన ఒకే విద్య, సైకిల్ మీద కదలకుండా నిలవడం. డ్రమ్ముల మీద చెక్క పలక వేసి, దానిపై సైకిల్ నిలిపి ఊరూరా ఆట చూపేవాణ్ణి. "కదలకుండ కూసోనీకి సైకిలెందుకురా, అరుగు చాలదా?" అని మా అవ్వ అడిగేది.

ఆ నిలవడమంతా దేవరకొండలో జీపులు బాగుచేసే ఒక ఉస్తాద్ చలవ. పశువుల దవాఖానలో పారేసిన లోహపు సిరంజీల్లో చిన్నది హ్యాండిల్‌కు, పెద్దది చక్రం దగ్గర కట్టి, మధ్య గొట్టం నిండా జీపు బ్రేకు నూనె పోసేవాడు. మీట నొక్కితే రబ్బరు ముక్కలు చక్రం అంచును పట్టేసేవి. బిగించాక మీట నొక్కి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉండేవాడు. నూనె ఎక్కడైనా కారుతుంటే మీట మెల్లగా లోపలికి దిగుతుంది; అది ఆయన చేతికి తెలిసిపోయేది.

"పండినవా ఉస్తాద్?" అని, నిద్రపోయినట్టు ఆటపట్టించేవాణ్ణి.

"జర ఆగు," అనేవాడు, అంతే.

చివరిసారి, మర్రిగూడ ఆటకు ముందు, ఎంతసేపు పట్టినా తేల్చలేకపోయాడు. "మీట దిగుతాందో, నా చెయ్యే అలుస్తాందో తెలుస్తలేదు," అన్నాడు. ట్యూబు ముక్కతో మీటను లాగి కట్టి, చాయ్ తాగి వచ్చాం. మీట కట్టిన చోటే ఉంది. అలిసింది చెయ్యే. ఉస్తాద్ ట్యూబు ముక్క విప్పి, "ఇగ బ్రేకులు నాతోని కావు," అన్నాడు. మళ్ళీ ఏ బ్రేకూ ముట్టలేదు.

కొన్నాళ్ళకు ఆయన భార్యతో మొరపెట్టుకున్నాను. "ఉస్తాద్ బ్రేకు చూడకపోతే, పడి విరిగే నా కాళ్ళకు దిక్కెవరమ్మా?"

ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నీకు రెండు చేతులున్నయ్ గద బేటా, నువ్వే మీట పట్టి చూస్కో. ఇన్నొద్దులు నోటితోనే బతికితివి."