ఆకుపచ్చ రంగు మీద అనుమానం

2024 ఫిబ్రవరి. పల్నాడులో మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. బొల్లాపల్లి వైపు ఒక పల్లెలో సబ్ సెంటర్, అంటే రెండు గదుల చిన్న ఆరోగ్య కేంద్రం. అందులో నేను ఏఎన్ఎంని, ఊరందరికీ నర్సమ్మని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. కారం ఘాటుకి ఊరంతా తుమ్ముతూ ఉండే ఆ రోజుల్లో జరిగిన ఒక కేసు గురించి చెబుతాను.

నాకు అనుమానం ఎక్కువ. పాలు కొన్నా వాసన చూడందే గిన్నెలో పోయను. "నువ్వు పోలీసుల్లో ఉండాల్సిన మనిషివి" అంటుంటాడు మా ఆయన. అలాంటి నా చేతికి ఆ ముందు ఏడాది ఒక ట్యాబ్ ఇచ్చారు. గర్భిణి బీపీ, రక్తం, బరువు, ఆఖరి నెలసరి తేదీ అందులో నొక్కితే సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి లెక్క కట్టి ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే భయం లేదు. పసుపు అయితే కనిపెట్టి ఉండాలి. ఎరుపు అయితే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. దీన్ని రిస్క్ స్కోర్ అంటారు. "నిర్ణయం మీదేనమ్మా, ఇది సాయం చేస్తుందంతే" అని ట్రైనింగులో చెప్పారు. మీటింగుల్లో మాత్రం "ఆకుపచ్చ ఉంటే ఎందుకు పంపావు?" అని నిలదీసేవారు. సాయానికొచ్చింది పెత్తనం చేస్తోందని నేను దాని మీద మొదటి నుంచీ గుర్రుగానే ఉన్నాను.

ఆ రోజు గర్భిణుల చెకప్. పార్వతి వాళ్ల అత్త వెంకాయమ్మతో కలిసి వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, తల వంచుకుని మాట్లాడే రకం. అంతకు ముందు రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. ఈసారి నిలబడింది.

"ఏందే, బిడ్డ బాగా తిరుగుతుందా?" అన్నాను.

"తిరుగుతుంది నర్సమ్మా. నిన్నటి నుంచి కాస్త బద్ధకంగా ఉన్నాడు."

ట్యాబ్‌లో ఆ ప్రశ్నకి రెండే జవాబులు. కదలిక ఉంది, లేదు. బద్ధకం అనే జవాబు లేదు. ఉందని నొక్కాను. బీపీ బాగానే ఉంది, రక్తం బాగానే ఉంది. ముప్పై అయిదో వారం, ఆకుపచ్చ, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మనండి అని చూపించింది.

నాకు మనసొప్పలేదు. పార్వతి లేచి నడుస్తుంటే చూశాను. పొట్ట బాగా కిందికి జారి ఉంది. తొలికాన్పు పిల్లకి కాన్పు దగ్గర పడ్డాక కనిపించే వాలకం అది. ఇంకా అయిదు వారాలున్న మనిషి నడక కాదు. పడుకోబెట్టి డాప్లర్ పెట్టాను. బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం అది. చప్పుడు ఉంది. అంకె కూడా పద్ధతిగానే ఉంది. అయినా పావుగంట చెయ్యి వేసి కూర్చుంటే ఒక్కసారి కూడా లోపల బిడ్డ తన్నలేదు.

"అయిందా నర్సమ్మా? కల్లంలో కాయలు ఎండబోసి వచ్చా. దీన్ని అక్కడ నీడన కూర్చోబెట్టాల, కోళ్లని తోలుద్ది" అని తొందర పెట్టింది వెంకాయమ్మ. నా అనుమానం వెంటనే ఆమె మీదికి పోయింది. ఈ పిల్ల చేత పని చేయిస్తోందా? తిండి సరిగ్గా పెట్టడం లేదా? బయటికి వచ్చి డాక్టరుకి ఫోన్ చేశాను. మండలంలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు, మంచివాడే.

"ఆకుపచ్చ ఉంది కదమ్మా" అన్నాడు.

"ఉంది సార్. నాకు నమ్మకంగా లేదు."

"పోయిన నెల మీరు పంపిన ముగ్గుర్నీ ఏమీ లేదని తిప్పి పంపారు. మాట పడింది నేను. ఇప్పుడు కారణం ఏమని రాయమంటారు? అనుమానం అని రాయనా?"

అతని తప్పు లేదు, ఆ ముగ్గురి విషయంలో నేనే తొందరపడ్డాను. ఫోన్ పెట్టేసి ట్యాబ్ వైపు కోపంగా చూశాను. దీని లెక్కలో ఎక్కడో తప్పుందని నా గట్టి నమ్మకం. నేను మొదటి నుంచీ ప్రతి గడీ మళ్లీ చూసుకుంటూ వచ్చాను. స్కాన్ తీయించారా, తీయించారు. రిపోర్టు, నార్మల్. ఆ రిపోర్టు నేను కళ్లతో చూశానా? లేదు. దాచేపల్లిలో పుట్టింటికి పోయినప్పుడు తీయించానని, అంతా బాగుందన్నారని పార్వతి అంటే నొక్కేశాను. పాలు వాసన చూసే మనిషిని, ఇది మాత్రం చూడలేదు.

"పెద్దమ్మా, కొట్టు దాకా పోయి ఒక గ్లూకోజు ప్యాకెట్ పట్రా. పిల్ల నీరసంగా ఉంది" అని వెంకాయమ్మని పంపించి తలుపు వేశాను.

"పార్వతీ, ఆ స్కాన్ కాయితం యాడుంది?"

"మా అమ్మ కాడుంది."

"ఎన్నో నెలలో తీశారు?"

పిల్ల చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నేను మంచం అంచున కూర్చున్నాను.

"చూడు, నేను ఎవురికీ చెప్పను. బిడ్డ కదలటం తగ్గింది. నాకు భయంగా ఉందే."

అప్పుడు ఏడ్చింది. "రెండుసార్లు నెల తప్పగానే ఊరంతా చెప్పారు నర్సమ్మా. రెండుసార్లూ పోయింది. దిష్టి తగిలిందంది మా అమ్మ. ఈసారి మూణ్నెల్లు నిండేదాకా అత్తమ్మకి కూడా చెప్పొద్దంది. నిండినాక, ఇప్పుడే నెల తప్పిందని ఇంట్లో చెప్పా."

"మరి నాకు ఆఖరి నెలసరి ఏరువాక పున్నమికి వచ్చిందని చెప్పావే?"

"అరుగు మీద అందరి ముందు అడిగావు గదా. అత్తమ్మ పక్కనే ఉండె. ఇంకేం చెప్పేది?"

నాకు గుర్తొచ్చింది. పేర్లు రాసుకున్న ఆ రోజు వరసలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు. ఆఖరిసారి బయట చేరింది ఎప్పుడే అని నేను గట్టిగా కేకేసి అడగటం, ఆమె చెప్పిన పండగ పట్టుకుని క్యాలెండర్ చూసి తేదీ వేయటం. ఇరవై రెండేళ్లుగా నేను అలాగే అడుగుతున్నాను.

"మరి ఈ నెలలోనైనా చెప్పొద్దుటే?"

"అమ్మ వచ్చి తీసుకుపోతానంది. కోతలయినాక పోదువులే, ఇంకా టైముంది గదా అంది అత్తమ్మ. నొప్పులొస్తే ఎటూ తెలుసుద్ది గదా అని ఊరుకున్నా."

వాళ్లమ్మకి ఫోన్ చేయించాను. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. మొదటి నెలల్లో తీసిన స్కాన్ అది, తేదీ తప్పే అవకాశం తక్కువ. కాన్పు కావాల్సిన రోజు దాటి తొమ్మిది రోజులైంది. ఫొటో డాక్టరుకి పంపాను. నెలసరి తేదీ మార్చే అధికారం అతనికే ఉంది. మార్చిన నిమిషంలో నా ట్యాబ్ ఎర్రబడింది. "108కి నేనే చెబుతున్నా, మీరు కదలకండి" అన్నాడు. ఈసారి కారణం అడగలేదు.

వెంకాయమ్మ గ్లూకోజు ప్యాకెట్‌తో వచ్చేసరికి అంబులెన్సు గుమ్మంలో ఉంది. సంగతి చెప్పక తప్పలేదు. పార్వతికి ఇచ్చిన మాట తప్పాను. ఆ పెద్దావిడ కోడలి మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నా కాడ దాచిందా? నేనేమన్నా పరాయిదాన్నా నర్సమ్మా?" అని అక్కడే అరుగు మీద కూలబడింది. మరుక్షణం లేచి, ఎండబోసిన కాయల సంగతి మరిచిపోయి అంబులెన్సు ఎక్కింది.

నరసరావుపేటలో ఆపరేషన్ చేశారు. ఉమ్మనీరు దాదాపు ఇంకిపోయిందట. రెండు వారాలాగి వచ్చి ఉంటే బిడ్డ దక్కేది కాదని అక్కడి డాక్టరమ్మ నాతో ఫోన్లో చెప్పింది. ఆడపిల్ల. అయిదు రోజులు పసిపిల్లల వార్డులో ఉంచి ఇచ్చారు.

మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. మిషన్ కన్నా మన నర్సమ్మ నయం అన్నారు. ఆ మాట నాకు సిగ్గుగా అనిపించింది. ట్యాబ్ తప్పు చేయలేదు. నేను పెట్టిన తేదీకి అది సరైన లెక్కే చెప్పింది. దాన్నీ వెంకాయమ్మనీ వదలకుండా అనుమానించిన నేను, నా చేతి రాతని మాత్రం ఒక్క రోజు కూడా అనుమానించలేదు. మరుసటి వారమంతా నా లిస్టులో ఉన్న గర్భిణులని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపు వేసి మళ్లీ అడిగాను. ఇంకో ఇద్దరి తేదీలు మారాయి.

నెలన్నర తర్వాత పాపకి టీకా వేయించడానికి అత్తా కోడళ్లు వచ్చారు. సూది వేశాక, "నీ ఒంట్లో ఎట్టా ఉందే?" అని పార్వతిని అడిగాను. ఆమె జవాబు చెప్పేలోపే వెంకాయమ్మ మనవరాలిని భుజాన వేసుకుని లేచింది. ఎవరూ చెప్పకుండానే బయటికి పోయి, తలుపు దగ్గరికి లాగింది.