సారు కట్టుకోని గడియారం

పీఈటీ సారు పోయారన్న మాట మాకు మైదానంలోనే తెలిసింది. అప్పుడే తెల్లవారింది. ఆడపిల్లలు పరుగుకు తయారై ఉన్నారు, నేను సున్నపు గీత దగ్గర నిలబడ్డాను. రోజూ మాకంటే ముందే వచ్చే మనిషి రాలేదు. పాలకుర్తి ఆటో ఒకటి రోడ్డు మీద ఆగింది. డ్రైవరు దిగకుండానే చెప్పాడు: "సారు నిద్రలనే పోయిండంట అవ్వా. గుండె ఆగిందంట."

ఆ సమయానికి ఆయన గడియారం నా చేతికే ఉంది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది నా మనవరాలు. రాయనని మొండికేసింది. రాయాల్సిందే అన్నాను. సారు గురించి ఊళ్ళో ఒక అబద్ధం తిరుగుతోంది. అది అబద్ధమని చెప్పడానికే ఈ మాటలు.

ఉద్యోగం అయిపోయాక కూడా ఆయన ఇంట్లో కూర్చోలేదు. పోలీసు పరీక్షకు పోయే ఆడపిల్లలకు ఊరికే పరుగు నేర్పుతానన్నారు. తల్లిదండ్రులు పంపలేదు. అప్పుడు మా వాకిట్లోకి వచ్చి, "అవ్వా, నువ్వొచ్చి నిలవడితె అందరు పంపుతరు. నీ నోటికి భయపడనోడు ఈ ఊర్ల లేడు," అన్నారు. అది పొగడ్తో తిట్టో నాకు తెలియలేదు గానీ పోయాను. ఊరికే నిలబడితే నాకు తోచదని తన చేతి గడియారం విప్పి నాకు కట్టారు. ఇక అది నా దగ్గరే ఉండిపోయింది.

ఒక చుట్టు గట్టిగా ఉరకాలి, తర్వాత ఆగి మెల్లగా నడవాలి, మళ్ళీ ఉరకాలి. నా మనవరాలు గీత దాటగానే నేను బొత్తాం నొక్కాలి. గడియారం ఆ చుట్టు లెక్కను దాచుకుని, పిల్లలు ఆగి ఉన్న సమయం లెక్కపెడుతుంది. పిల్లల ఊపిరి కుదురుకున్నదా అని సారు ముఖాలు చూసి, చెయ్యి ఎత్తేవారు. నేను మళ్ళీ నొక్కి, "ఉరుకుండ్రే!" అని అరిచేదాన్ని. అంకెలు చూసే పని ఆయనది.

మొదటి రోజు అంకెలు చూసి ఆయన కళ్ళు పెద్దవి చేశారు. "అవ్వా, నీ పోరి బస్సును గూడ దాటేసింది గదా!"

"నా మనవరాలయితె దాటదా మరి?" అన్నాను.

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వి, నా వెండి కడియం చూపించారు. అది తగిలినప్పుడల్లా బొత్తాం నొక్కుకుపోయి, చుట్టు సగంలోనే అయిపోయినట్టు లెక్క పడిందట. పెళ్ళినాటి నుంచి తీయని ఎడమచేతి కడియాన్ని సబ్బు రాసి తీసి, కుడిచేతికి మార్చుకున్నాను. ఇప్పటికీ రెండు కడియాలూ ఆ చేతికే ఉన్నాయి.

తువ్వాలలో నానబెట్టిన శనగలు తెచ్చేవారు. దారిలో రాయి కనబడితే చెప్పు కొనతో పక్కకు తోసేవారు. ఆగమన్నప్పుడు ఆగకుండా ఎగిరే పిల్లలకు ఒకటే మాట: "ఆగుడు గూడ పరుగులనే లెక్క బిడ్డా. ఊపిరి నిండకముందె ఉరికితె అది పరుగు గాదు, పరేషాని."

ఆ గడియారం కింద ఆకుపచ్చ దీపం ఉంటుంది. అది గుండెను చూస్తుందట. "బాపమ్మా, నీ గుండె జోరు మీదున్నది. ఎవలను తిట్టొచ్చినవ్?" అని మనవరాలు ఆటపట్టించేది.

ఒకరోజు సారు స్తంభానికి ఆనుకుని ఎడమ భుజం రుద్దుకుంటున్నారు. ఎండ లేదు, అయినా చెమటకు ఆయన అంగీ తడిసిపోయింది. నేను గడియారం విప్పాను. "సారూ, జర నువ్వు కట్టుకో. ఏం జెప్తదో సూద్దాం."

"నేను ఉరుకుతలేను గదవ్వా. ఉరికేటోళ్ళకే గావాలె గది."

దవాఖానకు పొమ్మన్నాను. పిల్లల పరుగు అయిపోయాక పోతానన్నారు. నా చెయ్యి పట్టుకుని గడియారం ఆయనే మళ్ళీ కట్టారు. ఊరందరినీ తిట్టిన నోరు నాది. ఆ రోజు ఇంకొక్క మాట గట్టిగా అంటే వినేవారేమో, నాకు తెలియదు.

ఇప్పుడు ఊరు ఏమంటోంది? పరుగే ఆయనను చంపిందట. పిల్లలందరినీ ఇళ్ళలో ఆపేశారు. నా కొడుకూ ఆపేశాడు. "ఉరికిచ్చేటోని గుండెనే ఆగింది. నా బిడ్డది ఆగితె నువ్వు దెస్తవా అవ్వా?"

"ఆయన ఒక్క అడుగు ఉరకలేదురా! మందిని సూసుకుంట తనను సూసుకోలే. గందుకే పోయిండు."

"ఎట్లయితేంది? పోయిండు గదా."

పోలీసు పరుగు పరీక్ష దగ్గరికొచ్చింది. పిల్ల బూట్లు మేకుకు వేలాడుతున్నాయి. ఈ మాట చెప్పగానే రాసే చెయ్యి ఆగింది. రాయవే, అన్నాను.

గడియారం ఇచ్చేద్దామని జఫర్‌గఢ్‌లో సారు ఇంటికి పోయాను. ఆయన భార్య తీసుకోలేదు. "నీకాడనే ఉండనియ్యవ్వా. ఆయన చేతికి నేను సూసిందే తక్కువ," అన్నది.

ఈ పొద్దున ఒక్కదాన్నే మైదానానికి పోయాను. మంచుకు గీత సగం చెరిగిపోయింది. అలవాటు కొద్దీ పరుగు మొదలైనట్టు నొక్కాను, చుట్టు అయిపోయినట్టు మళ్ళీ నొక్కాను. చెయ్యి ఎత్తేవాళ్ళు లేరు. గడియారానికి ఏం తెలుసు? పిల్లలింకా ఊపిరి తీసుకుంటున్నారనే అనుకుంటోంది. నా మణికట్టు కింద ఆకుపచ్చ దీపం వెలిగించుకుని, ఆగిన సమయం లెక్కపెడుతూనే ఉంది.