పొత్రం మోసిన సంచులు

శ్రావణమాసం మొదటి సోమవారం, ఉదయం పదిన్నరకు, బందరులో ప్లాస్టిక్ కవర్లు ఆపేసే ఆలోచన ఉందని మా వీధిలో మైకులో చెప్పారు. జాకెట్లు కుట్టే మా పక్కింటావిడ ఆ మధ్యాహ్నమే పెళ్లిళ్లవాళ్ల గుడ్డలన్నీ తిరిగిచ్చేసింది. అచ్చు చెడిన కలంకారీ గుడ్డ తెచ్చుకుని సంచులు కుట్టడం మొదలుపెట్టింది.

కుట్టిన ప్రతి సంచిలోనూ మా రుబ్బురోలు పొత్రం పెట్టి, పైకెత్తి చూసేది. కుట్టు కదిలితే విప్పి మళ్లీ కుట్టేది.

"కూరగాయలకి ఇంత గట్టివెందుకే అమ్మాయ్?" అన్నాను.

"ఒక్కటి తెగినా కవరే నయం అంటారు పిన్నిగారూ. ఆ మాట నేను పడలేను."

కార్తీకం వచ్చినా ఆలోచన ఆలోచనగానే ఉంది. ఆవిడ సంచులు తీసుకుని మార్కెట్టుకు వెళ్తే తోడు వెళ్లాను. కొట్టాయన ఒకటి లాగి చూసి మెచ్చుకున్నాడు.

"భలే ఉన్నాయమ్మా! నిషేధం ఆర్డరు రానీ, అన్నీ నేనే తీసుకుంటా. అందాకా జనం కవరే అడుగుతారు కదా!"

ఆవిడ ఉల్లిపాయలు కొంది. అమ్మాల్సిన సంచికి మట్టి అంటుతుందని, వాటిని కవర్లోనే వేయించుకుంది.

మాఘం పెళ్లిళ్లకు పాత ఖాతాదార్లెవరూ ఆవిడ గుమ్మం తొక్కలేదు. నిషేధం ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆవిడకు పోయినవి: శ్రావణం బేరాలు, మాఘం బేరాలు, చివరికి కుట్టుమిషను.