పదహారు రూపాయల తాంబూలం

నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. తండ్రి రామచందర్ గుమాస్తా. ఆ ఇంటి పిల్లకు టెన్నిస్ ఏమిటని గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. అయితే రామచందర్ గుమాస్తాగిరీ గన్‌ఫౌండ్రీ పక్కనున్న క్లబ్బులో. పెద్దమనుషులు నిద్రలేచేలోగా కోర్టు ఖాళీగా పడి ఉండేది. ఎవరో పారేసిన రాకెట్‌కు తీగలు కట్టించి బిడ్డ చేతికిచ్చాడు. ఇంకేముంది, శశికళకు పిచ్చి పట్టింది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఆమె సర్వీసును తిరగ్గొట్టగల మగవాళ్ళు ఆ క్లబ్బులో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ ఆమెతో ఆడమంటే నడుము నొప్పులు వచ్చేవి.

ఆమె కోరింది ఒక్కటే. పట్నం జట్టులో మద్రాసు పోటీలకు వెళ్ళాలి. నగలడిగిందా, చీరలడిగిందా? ఒక్కసారి రైలెక్కి వెళ్ళి అక్కడ ఆడి రావాలంది. అరవై నాలుగులో ఆ అవకాశం గడప దాకా వచ్చింది. వరుసగా రెండేళ్ళు పట్నంలో గెలిచిన పిల్లను కాదనే గుండె ఎవరికుంటుంది?

ఉంటుంది. మనవాళ్ళను అంత తక్కువగా అంచనా వేయకూడదు.

జట్టును ఎంపిక చేసే సంఘానికి కార్యదర్శి జగన్మోహనరావు. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు తరలివచ్చిన కోస్తా ఉద్యోగి. ఆయన భార్య వెంకటరత్నమ్మ ఒకనాడు శశికళను పిలిచి, "మా అమ్మాయి వరలక్ష్మి ఒళ్ళు చేసిందమ్మా, కాస్త ఆట నేర్పి పుణ్యం కట్టుకో" అంది. శశికళ మూడు నెలలు నేర్పింది, ఊరికే. శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ అబిడ్స్‌లోని తమ ఇంటికి పిలిచి, బొట్టు పెట్టి తాంబూలమిచ్చింది. ఆకులు, వక్కలు, రవికెల గుడ్డ, మధ్యలో పదహారు రూపాయలు.

"గిదేందమ్మా, నాకు పైసలెందుకు?"

"అయ్యో, తాంబూలం వద్దనకూడదు తల్లీ! విద్య నేర్పినదానివి, ఉత్త చేతులతో పంపిస్తానా? మా వైపు అలా చెయ్యం."

వద్దంటే ఆ ఇల్లాలిని అవమానించినట్టు. శశికళ కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆ డబ్బుతో కాన్వాసు బూట్లు కొనుక్కుని, "వెంకటరత్నమ్మగారి తాంబూలంతోని కొన్న" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంది. పిచ్చిపిల్ల!

ఆ రోజుల్లో ఆటకు ఒక దిక్కుమాలిన నియమం ఉండేది. డబ్బు తీసుకుని ఆట నేర్పినవాళ్ళు ప్రొఫెషనల్ కింద లెక్క, వాళ్ళను పోటీల్లోకి రానివ్వరు. చదువు చెప్పి జీతం తీసుకుంటే పంతులట, ఆట నేర్పి తీసుకుంటే దొంగట. ఎంపికకు వారం ముందు శశికళ మీద సంఘానికి ఫిర్యాదు వచ్చింది. జాబితాలో ఆమె తర్వాతి పేరు ఒక పెద్ద ఆఫీసరు మేనకోడలిది. ఫిర్యాదు ఎవరు పెట్టించారో నేను చెప్పాలా?

శశికళను పిలిపించారు. బల్ల చుట్టూ అయిదుగురు, నడుమ జగన్మోహనరావు.

"ఆట నేర్పి డబ్బు తీసుకున్నావా?" అని అడిగాడు ఒకాయన.

"ఔ, తాంబూలంల పెట్టిచ్చిన్రు" అంది శశికళ, జగన్మోహనరావు వంక చూస్తూ. ఇచ్చింది ఆయన ఇంట్లోనే కదా! ఇప్పుడు ఆయన నవ్వి, అది మా ఆనవాయితీ అని చెప్తాడు, అందరూ లేచి వెళ్ళిపోతారు అనుకుంది. జగన్మోహనరావు తలెత్తలేదు. 'డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నది' అని రాసి, కాగితం పక్కవాడి వైపు జరిపాడు. తాంబూలం అన్న మాట ఆ కాగితం మీదికి ఎక్కనే లేదు.

ఆ సాయంత్రమే ఆమె వెంకటరత్నమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"ఒక్క ముక్క రాసియ్యండమ్మా, అది జీతం కాదని. మూడు నెలలకు పదహారు రూపాయల జీతం ఎవరన్న ఇస్తరా?"

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది. "నాకు తెలీదా తల్లీ! కానీ పై ఆఫీసరుగారితో వ్యవహారమట. నోరెత్తొద్దన్నారు మావారు. కూర్చో, కాఫీ తాగి వెళ్దువుగాని."

పేదవాడి కోపం పెదవికి చేటు. ఆ మెట్లు దిగేసరికి శశికళ పెదవి నెత్తురు కారేలా కొరుక్కుంది.

మేనకోడలు మద్రాసు వెళ్ళింది, మొదటి ఆటలోనే ఓడి, సముద్రం చూసి తిరిగొచ్చింది.

"ప్రొఫెషనల్ అన్నరు కదా, ఐతే అదే అయిత" అంది శశికళ. నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో ఆటల టీచరైంది. సాయంత్రాలు అదే క్లబ్బులో జీతానికి పిల్లలకు నేర్పింది. రామచందర్ పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకుని, "నేను రాకెట్ ఇయ్యకుంటే నీకు గీ బాధే ఉండకపోవు బిడ్డా" అన్నాడు. ఆ మాటకు ఏడ్చినంతగా ఆమె జట్టులో చోటు పోయిన నాడు కూడా ఏడవలేదు.

డెబ్బై మూడులో మన దగ్గరా ఆ నియమం ఎత్తేశారు. జీతం తీసుకునేవాళ్ళయినా సరే, పోటీకి ఎవరైనా రావచ్చునని క్లబ్బు బోర్డు మీద కాగితం అంటించారు. శశికళ దాన్ని మూడుసార్లు చదివింది. ముప్పై అయిదేళ్ళు, మెట్లెక్కితే పట్టేసే మోకాలు. అయితేనేం? ఎవరికీ చెప్పకుండా నెల రోజులు తెల్లవారుజామున కోర్టులో దిగింది. పదహారేళ్ళ నళిని ఆమె శిష్యురాళ్ళలో అందరికన్నా గట్టిది. ఒకరోజు ఆ పిల్లను వరుసగా రెండు సెట్లు ఓడించింది. నళిని ఆయాసపడుతూ, "టీచర్, మద్రాసుకు మీరే పోవాలె!" అని నవ్వింది. శశికళ మాత్రం నవ్వులాటకు తీసుకోలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమెకు ఆకలి వేసింది, కడుపు నిండా తింది.

సోమవారం నాడు, ఉతికిన చీర కట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళింది. కొత్తగా వచ్చిన గుమాస్తా లేచి నిలబడి, కుర్చీ జరిపి, ఫారం ఇచ్చాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం 1938. అన్నీ నింపి ఇచ్చింది.

అతను చదివి, మర్యాదగా నవ్వాడు.

"జర పొరపాటైంది టీచరమ్మా. మీ వివరాలు రాసిన్రు. ఆడే పాపవి రాయాలె గీడ. ఏం ఫికర్ లేదు, ఇంకోటి ఇస్త."

వెక్కిరించి ఉంటే వాడి నాలుగు తరాలూ కడిగేసేదే. వెక్కిరింపు ఇసుమంతైనా లేదు. వాడికి ఆ ఊహే రాలేదు, అంతే. మోసం చేసినవాళ్ళ మీద ఇన్నేళ్ళూ కోపం పెంచుకుంది గానీ, ఏ పాపమూ ఎరగని ఈ మంచివాణ్ణి ఏమనాలి?

"నిజమే నాయనా, పొరపాటే" అంది.

కొత్త ఫారం తీసుకుని నళిని పేరు రాసింది.